పక్కూరికి పర్యాటకుల్లా...

కాశీ వెళ్లొచ్చాం. షిర్డీ చూశాం. తిరుపతికైతే లెక్కే లేదు. మరి అలంపురం? 'ఆఁ... ఇక్కడే కదా, ఎప్పుడైనా చూడొచ్చులే!' ఇటిక్యాల, ఎర్రవల్లి, మానవపాడు వైపు చాలా ఇళ్లలో వినిపించే మాట ఇదే. దగ్గరగా ఉండటమే ఆ ఊరు చేసుకున్న పాపం కాబోలు!

మన ఆడవాళ్ల సంగతి మరీను. గడప దాటాలంటే పెళ్లో, పురుడో, మొక్కో ఉండాలి. 'ఊరికే చూసొస్తా' అంటే, 'ఏముందక్కడ రాళ్లు తప్ప' అని నవ్వేస్తారు. దూర ప్రయాణమంటే సెలవులు, రిజర్వేషన్లు, ఖర్చు... ప్రతిదానికీ ఇంకొకరి మొహం చూడాలి. పొద్దున్నే వంట ముగించుకుని వెళ్లి, దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చే ప్రయాణానికి ఆ తిప్పలు లేవు. పైగా తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవాయె. ఆధార్ కార్డు పర్సులో పెట్టుకుంటే చాలు.

ఎర్రవల్లి చౌరస్తాలో నిలబడితే ఒక దారి గద్వాలకు, ఒక దారి అలంపురం వైపుకు. వెనక్కి తిరిగితే బీచుపల్లి. హైదరాబాద్ బస్సులో వెళ్తూ వంతెన మీంచి కృష్ణమ్మకు దండం పెట్టుకుంటాం కానీ, దిగి ఆంజనేయస్వామి గుడి దగ్గర మెట్ల మీద కాసేపు కూర్చున్నవాళ్లు ఎందరు? 2016 పుష్కరాలకు ఇసుక వేస్తే రాలనంత జనం. మామూలు రోజుల్లో వెళ్లి చూడండి, నది చప్పుడు వినపడుతుంది.

గద్వాల అనగానే మనకి చీరే గుర్తొస్తుంది. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. అంచు విడిగా కుట్టింది కాదు. ఒంటికో నాడె, రెండంచులకు రెండు నాడెలు ఆడిస్తూ మగ్గం మీదే పోగులు పెనవేస్తారు. కుప్పడం అంటారు దీన్ని. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. షోరూములో బేరమాడే ముందు ఒక్కసారి నేసే ఇంటికి వెళ్లి చూడండి, బేరమాడటానికి నోరు రాదు. అన్నట్టు, తిరుమల బ్రహ్మోత్సవాల్లో స్వామికి సమర్పించే ఏరువాడ జోడు పంచెలు నేసేది ఈ ఊళ్లోనే. గద్వాల సంస్థానం నాటి ఆచారమది, నేతగాళ్లు దీక్షపట్టి మరీ నేస్తారు. అంతదూరం వెళ్లి క్యూలో నిలబడి చూసొచ్చే స్వామికి బట్టలు మన పక్కూరివి!

సోమనాద్రి కట్టించిన కోట, అందులో చెన్నకేశవస్వామి గుడి ఊరి నడిబొడ్డునే ఉన్నాయి. ఈ సంస్థానాన్ని చివరగా ఏలింది ఒక ఆడమనిషే, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. కోటలో నడిచే డిగ్రీ కాలేజీకి ఆమె పేరే. అమ్మాయిల్ని వెంట తీసుకెళితే ఆ కథ చెప్పండి.

ఇక అలంపురం. దీనికి ఒక రోజంతా ఉంచుకోండి. బాదామి చాళుక్యుల కాలంలో, ఏడో శతాబ్దం నుంచి కట్టిన తొమ్మిది గుళ్లు. బాల, కుమార, అర్క, వీర, విశ్వ, తారక, గరుడ, స్వర్గ, పద్మ. పేర్లన్నీ బ్రహ్మవే, లోపల మాత్రం శివుడు! విశ్వబ్రహ్మ గుడి రాళ్ల మీద పంచతంత్రం కథల బొమ్మలున్నాయి. పిల్లలకి ఏ జంతువు ఎక్కడుందో వెతికే పని అప్పజెప్పండి, మీరు నింపాదిగా తిరగొచ్చు. జోగులాంబ అమ్మవారు శతాబ్దాల పాటు బాలబ్రహ్మ గుడిలోనే తలదాచుకుంది. 2005లో గానీ ఆమెకు మళ్లీ సొంత గుడి కట్టలేదు.

కూడవెల్లి సంగమేశ్వరుడి గుడి దగ్గరికి తప్పకుండా వెళ్లండి. కృష్ణ, తుంగభద్ర కలిసేచోట ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. గుడినైతే తేగలిగారు. ఇళ్లు, వీధులు, బావిగట్లు అన్నీ నీళ్లపాలయ్యాయి. ఆ వైపు ఊళ్లలో పుట్టిన అత్తగారో, పెద్దమ్మో మీ ఇంట్లో ఉంటే, ఓపిక చేసుకుని వెంట తీసుకెళ్లండి. పండక్కి వెళదామంటే పుట్టిల్లు నీళ్ల కింద ఉన్నవాళ్లు వాళ్లు. ఆ గోడ పక్కన కూర్చోబెట్టి, చిన్నప్పుడు ఈ గుడికి ఎలా వచ్చేవారో అడగండి. గైడు చెప్పని సంగతులు వాళ్ల దగ్గర ఉంటాయి. ఇంకో పదేళ్లకి అడగడానికి ఎవరు మిగులుతారో!

కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఈ పక్క తిరగడానికి హాయిగా ఉంటుంది. ఎండాకాలం గుళ్ల ప్రాంగణంలో రాళ్లు కాలిపోతాయి, ఉదయాన్నే చూసేయాలి. జొన్నరొట్టెలు, పల్లీల పొడి కట్టుకెళితే మధ్యాహ్నం హోటలు వెతుక్కోనక్కర్లేదు. చేపలు తినేవాళ్లు మరోరోజు జూరాల డ్యామ్ వైపు వెళ్లండి, అక్కడ వేడివేడిగా వేయించి పెడతారు. అలంపురానికి హైవే మీద చౌరస్తాలో దిగి లోపలికి మళ్లాలి. తిరుగు బస్సు ఎన్నింటికో దిగగానే కనుక్కోండి.