దుంప పిండితో.. నానో బాట!

నందిగామలోనో, జగ్గయ్యపేటలోనో ఎరువుల కొట్టుకెళ్తే నానో యూరియా సీసా కనిపిస్తుంది. 2021లో ఇఫ్కో దాన్ని తెచ్చాక ‘నానో’ అన్నమాట పత్తి చేల దాకా వచ్చేసింది. మరి బీఎస్సీ, బీఫార్మసీ, బీటెక్ చదువుతున్న మీకు ఆ మాటలో కొలువు ఉందా? ఉంది. అయితే సర్టిఫికెట్ మీద ‘నానో’ అని ఉంటే చాలదు, పని చేతికి రావాలి. ఆ పని నేర్చుకోవడానికి బంగాళాదుంప చాలు!

గంజి తెలుసుగా..

నూలు చీరకు పెట్టే గంజిలో ఉండేది స్టార్చే. దుంపను తురిమి, నీళ్లలో కలిపి, గుడ్డలో వడకట్టి కాసేపు వదిలేస్తే అడుగున తెల్లగా పేరుకునేదీ అదే. అందులో అమైలోజ్, అమైలోపెక్టిన్ అనే గ్లూకోజ్ గొలుసులుంటాయి. దుంప స్టార్చ్ రేణువు 100 మైక్రాన్ల దాకా ఉండొచ్చు. దాన్ని వందల రెట్లు చిన్నది చేస్తేనే నానో స్థాయికి వస్తుంది.

ఎలా చేస్తారు?

ఆమ్లంతో: పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉంచితే రేణువులోని వదులు భాగం ముందు కరిగి, గట్టి స్ఫటిక భాగం మిగులుతుంది. వ్యాక్సీ మొక్కజొన్న స్టార్చ్‌పై 2004లో వెలువడిన పరిశోధనలో 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర 5 రోజులు పట్టింది. చేతికొచ్చింది సుమారు 15 శాతమే.

ఇథనాల్‌తో: స్టార్చ్‌ను నీళ్లలో బాగా ఉడికించి, కలియబెడుతున్న ఇథనాల్‌లోకి చుక్కచుక్కగా వదలాలి. ఇథనాల్‌లో స్టార్చ్ కరగదు కాబట్టి సన్నని కణాలుగా విడిపోతుంది. సెంట్రిఫ్యూజ్ చేసి, కడిగి, ఆరబెడతారు. కాలేజీ ప్రాజెక్టుకు ఇదే అనువు. ల్యాబ్‌లో, లెక్చరర్ ఉన్నప్పుడే చేయండి. ఇథనాల్‌కి మంట తగిలితే ప్రమాదం.

ఆరబెట్టేటప్పుడు కణాలు ముద్దకట్టడం పెద్ద తలనొప్పి. అందుకే ఫ్రీజ్ డ్రైయింగ్ వాడతారు.

ఎందుకు పనికొస్తాయి?

పసుపులోని కర్కుమిన్ నీళ్లలో సరిగా కరగదు. అలాంటివాటిని ఈ కణాల్లో పొదిగి శరీరానికి అందించడంపై పరిశోధనలు జరుగుతున్నాయి. మట్టిలో కలిసిపోయే ప్యాకింగ్ పొరలను గట్టిపరచడానికీ, నూనె-నీరు విడిపోకుండా నిలపడానికీ వీటిని పరీక్షిస్తున్నారు. చాలావరకు ఇంకా ల్యాబ్ దశే. మామూలు స్టార్చ్ మాత్రం మాత్రల తయారీలో ఏనాటి నుంచో ఉంది. కాబట్టి ఇక్కడ నేర్చిన పని ఫార్మా ఫార్ములేషన్, ఫుడ్, ప్యాకేజింగ్ రంగాల్లోనూ అక్కరకొస్తుంది.

ఇంటర్వ్యూలో అడిగేవి

‘కణం సైజు ఎంత? దేంతో కొలిచారు? మూడుసార్లు చేస్తే ఒకేలా వచ్చిందా?’ వీటికి జవాబుండాలి. డీఎల్ఎస్ యంత్రం ద్రవంలో ఉన్న కణాన్ని కొలుస్తుంది, ఎస్ఈఎం ఎండిన కణాన్ని చూపిస్తుంది. అందుకే రెండు అంకెలూ కలవకపోవచ్చు. ఈ తేడాను వివరించగలిగితే మీరు పని చేశారని ఎదుటివారికి అర్థమైపోతుంది.

ఏ దారి?

కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ వారు ఐఐటీ జామ్ రాసి ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. ఫార్మసీ వారికి జీప్యాట్, హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్ ఉన్నాయి. బీటెక్ వారికి గేట్. పరిశోధనకైతే సీఎస్ఐఆర్ నెట్. జేఆర్ఎఫ్ వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్ (2023 జనవరి నుంచి). తార్నాకలోని ఐఐసీటీ లాంటి ల్యాబ్‌లు మనకు హైవే వెంట బస్సెక్కితే చేరే దూరమే.

డబ్బు కట్టేముందు..

‘నానో టెక్నాలజీ కోర్సు’ అంటూ వేలకు వేలు అడిగితే ఒక్క ప్రశ్న వేయండి: యంత్రం మీద నా చేతులతో ఎన్ని గంటలు పనిచేయిస్తారు? సరైన సమాధానం రాకపోతే లేచి వచ్చేయండి.

బంగాళాదుంప మన మెట్ట పంట కాదు, మొక్కజొన్న మనదే. రెండు స్టార్చ్‌లనూ ఒకే పద్ధతిలో చేసి, సైజు, దిగుబడి పోల్చండి. ఫైనలియర్ ప్రాజెక్టుకు మంచి అంశం. ల్యాబ్ నోట్‌బుక్‌లో విఫలమైన ప్రయత్నాలూ తేదీతో సహా రాసుకోండి. రెజ్యూమె కన్నా ముందు మాట్లాడేది ఆ పుస్తకమే.