చలికాలపు విరేచనాలు – చంటిపిల్లలు

కిడ్నీ జబ్బులు చూసిన ఉద్దానం వాళ్ళం కాబట్టి, ఏ రోగం వచ్చినా మనం ముందు నీటినే అనుమానిస్తాం. వానాకాలంలో నీరు కలుషితమై విరేచనాలు వచ్చే మాట నిజమే. కానీ చంటిపిల్లలకు రోటా వైరస్ విరేచనాలు మన దేశంలో డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు హెచ్చు. పలాస, టెక్కలి పల్లెలకు మనం సంక్రాంతి సెలవులకు వెళ్ళే రోజులే అవి!

ఈ వైరస్‌ను 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ బృందం కనుగొన్నది. చలి దేశాల్లో ఇది శీతాకాలంలో విజృంభిస్తుంది. ఉష్ణ దేశాల్లో ఏడాది పొడవునా ఉండి, చల్లని పొడి నెలల్లో పెరుగుతుంది. చేతులు, ఆటవస్తువుల ద్వారా కూడా అంటుకుంటుంది గనుక మంచినీరు ఒక్కటే చాలదు.

2016లో ప్రభుత్వం రోటా చుక్కలు మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో మనదీ, పొరుగున ఉన్న ఒడిశా కూడా ఉన్నాయి. 6, 10, 14 వారాల వయసులో ఉచితంగా వేస్తారు. ఏడాది దాటితే మొదటి డోసు వేయరు.

విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. తాగించాలి, తల్లిపాలు ఆపరాదు, డాక్టరు చెప్పినట్లు జింకు 14 రోజులు ఇవ్వాలి. కళ్ళు లోతుకుపోయినా, మత్తుగా పడివున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. "పళ్ళొస్తున్నాయిలే" అని ఊరుకోరాదు.

మిత్రులారా! పండక్కి వెళ్ళినప్పుడు అక్క పిల్లల టీకా కార్డు, పక్కింటి పసివాళ్ళ కార్డు మనమే చదివి చెబుదాం.