మాల్కం ఎక్స్ ప్రసంగమునందలి వికల్పార్థ విచారము

వికల్పమును బోధించు శబ్దము వాక్యమునందు మిక్కిలి చిన్నది. "ఇదియో, అదియో" యనినప్పుడు రెండును వక్తకు సమానముగా నిష్టములా, లేక యొకటి యిష్టమై రెండవది దానికి బలము నిచ్చుటకై చేర్పఁబడినదా, కోరుకొను స్వాతంత్ర్య మెవరిది, అను సందేహములు కలుగును. శాస్త్రములందు వీనికి సమాధానములు విస్తారముగాఁ గలవు. ఆ సమాధానములను బరీక్షించుటకుఁ దగిన లౌకిక లక్ష్య మొకటి 1964 ఏప్రిలు 3వ తేదీని అమెరికాలోని ఒహాయో రాష్ట్రమునఁ, గ్లీవ్‌లాండు నగరమునందలి కోరీ మెథడిస్టు చర్చిలో, నల్లజాతివారి నాయకుఁడైన మాల్కం ఎక్స్ చేసిన ప్రసంగమున లభించును. దానికి 'బ్యాలట్ ఆర్ బులెట్' అని ప్రసిద్ధి. బ్యాలటనఁగా నోటుచీటి, బులెటనఁగాఁ దుపాకిగుండు, నడుమనున్న 'ఆర్' సంస్కృతమునందలి 'వా' శబ్దమునకు సమానార్థకము. ఈ ప్రసంగమును హింసాప్రబోధమని కొందఱును, ఓటుహక్కుకై చేసిన హెచ్చరికయని కొందఱును బలుకుదురు. వాదమంతయు నాచిన్నశబ్దముమీఁద నిలిచియున్నది.

సందర్భము తెలియనిదే యర్థనిర్ణయము కాదు. పౌరహక్కుల శాసనపుఁ జిత్తు ఆ యేఁటి ఫిబ్రవరి 10న ప్రతినిధిసభలో నెగ్గి, సెనేటులో దక్షిణరాష్ట్ర సభ్యుల దీర్ఘోపన్యాసములచే నడ్డగింపఁబడుచుండెను. వక్త తాను బహుకాలము సేవించిన 'నేషన్ ఆఫ్ ఇస్లాం' సంస్థను మార్చి 8న విడిచి యింకను నెల కాలేదు. సభ క్రైస్తవుల చర్చిలో, వక్త ముసల్మాను. ఈ భేదమును దాఁచక, తన మతమును జర్చించుటకుఁ దాను రాలేదని మొదటనే చెప్పెను. సంబోధనమునందు మిత్రులతోఁ బాటు శత్రువులనుగూడఁ బిలిచి, అందఱును మిత్రులే యని నమ్మజాలననియు, నెవ్వరిని విడుచుట తన కిష్టము లేదనియుఁ గారణము చెప్పెను. ఇది పరిహాసముగాఁ దోఁచినను, బ్రసంగార్థమునకు బీజ మిందే కలదు. పదములు రెండైనట్లు శ్రోతలును రెండు తెగలు: చర్చిలోఁ గూర్చున్నవారొకరు, వాషింగ్టనులో నధికారమున నున్నవారొకరు.

ఆ పదముల శబ్దసామ్యమును జూడుఁడు. బకార లకార టకారములు రెంటను నొకే క్రమమున నున్నవి. అచ్చులు మాత్రము మాఱినవి. లాక్షణికులు దీనిని ఛేకానుప్రాస మందురు. నిరుక్తదృష్టితోఁ జూచినచో నింకొక చిత్రము కలదు. మొదటిపదము ఇటలీభాషనుండి వచ్చినది. పూర్వ మభిప్రాయము తెలుపుటకుఁ బెట్టెలో వేయు చిన్నబంతి దాని యర్థము. రెండవది ఫ్రెంచిభాషనుండి వచ్చినది. దానికిని చిన్నబంతి యనియే యర్థము. మూలములు వేఱైనను నర్థ మొక్కటి. వక్త యీ వ్యుత్పత్తి నెఱిఁగి పలికెనని సాధింపఁబనిలేదు.

ఈ జంటను మొదటఁ గూర్చినవాఁడును నతఁడు కాఁడు. 1861 జులై 4న శాసనసభకుఁ బంపిన సందేశమున అబ్రహాం లింకను ఓటులను గుండ్లకు న్యాయమైన వారసులుగాఁ జెప్పి, ఓటులచే న్యాయముగాఁ దీర్పఁబడిన వివాదమును మరల గుండ్లయొద్దకుఁ గొనిపోఁగూడదనెను. లింకను పలికినది క్రమము: మున్ను గుండు, పిదప నోటు. మాల్కం ఎక్స్ ఆ క్రమమును వికల్పముగాఁ ద్రిప్పెను. "న్యాయముగాఁ దీర్పఁబడిన" యను విశేషణ మేమైనదని యతని ప్రశ్న. దక్షిణరాష్ట్రములలో నల్లజాతివారిని ఓటు వేయనీయక గెలిచినవారు సభలలోఁ గూర్చుండుట న్యాయము కాదనియు, సెనేటు సంఘములు 16లో 10 అట్టివారి చేతిలోనే యున్నవనియు నతఁడు వాదించెను.

ఇఁక వికల్పము. తుల్యబలములై యేకకాలమునఁ బ్రవర్తింపఁజాలని రెండింటికిఁ బ్రాప్తి కలిగినచోట వికల్పాలంకారమని రుయ్యకుఁ డలంకారసర్వస్వమునను, అప్పయ్యదీక్షితులు కువలయానందమునను జెప్పిరి. శత్రురాజులు తలలనో విండ్లనో వంపవలెననుట దాని ప్రసిద్ధోదాహరణము. సంధియో యుద్ధమో వారే కోరుకొనవలెను. అచ్చట నాజ్ఞాపించువాఁడు విజిగీషువు, వినువాఁడు దుర్బలుఁడు. క్లీవ్‌లాండు ప్రసంగమున నీ సంబంధము తలక్రిందయ్యెను. పలుకువాఁడు దుర్బలపక్షమువాఁడు, కోరుకొనవలసినవాఁడు ప్రభువు. ప్రసంగమున నుగ్రత్వ మేదైనఁ గలదేని తుపాకి పేరెత్తుటలోఁ గాదు, ఈ వ్యత్యయములోఁ గలదు.

మీమాంసకులు వికల్ప మష్టదోషదుష్టమని, గత్యంతరము లేనిచోటనే దాని నంగీకరింతురు. వక్త నడచినదియు నామార్గమే. ప్రతినిధిసభలో డెమొక్రాట్లు 257, రిపబ్లికనులు 177. సెనేటులో 67, 33. ఇంతటి ఆధిక్యముగల పక్షమునకు నల్లజాతివారు ఓటులు వేసియుండఁగాఁ, జిత్తు గట్టెక్కకపోవుట కేమి కారణమని యంకెలతో నడిగెను. భోజనపుబల్లయొద్దఁ గూర్చుండి, కంచము ఖాళీగా నున్నవాఁడు భోజనము చేసినవాఁడు కాఁజాలఁడని దృష్టాంతము చెప్పెను. గత్యంతరాభావము తెలిపినపిదప వికల్పమునకుఁ జోటు కలిగెను. అదియును యథేష్టవికల్పము కాదు. వైయాకరణులు చెప్పు వ్యవస్థితవిభాష. వాతాయనార్థమున 'గవాక్ష'మనియే యగునుగాని రూపాంతరము రానట్లు, ఓటు నిజముగా లభించినచోట గుండునకుఁ బ్రసక్తి లేదు.

కోశకారులు 'వా' శబ్దమునకు వికల్పముతోఁ బాటు సాదృశ్యమునుగూడ నర్థముగాఁ జెప్పుదురు. ఈ ప్రసంగమున నదియును గలదు. ఒకచోట వక్త ఓటు గుండువంటిదనెను. గుఱి కానరాకుండ దానిని వదలఁగూడదు, గుఱి యందనిచో జేబులోనే యుంచుకొనవలెనని వివరించెను. పేరునందు విరుద్ధములుగాఁ గన్పట్టిన రెండును నిచ్చట నుపమానోపమేయము లయినవి. గుండు ఓటునకుఁ బ్రతిపక్షము గాక, ఓటు నెట్లు వాడవలెనో నేర్పు నుపమాన మయ్యెను. హింసాప్రబోధవాదు లీ వాక్యమును దఱచుగా విడిచిపెట్టుదురు.

ఐనను రెండవపక్షమువారికి నొక యాధారము కలదు. శీర్షికయందుఁ గ్రియ లేదు. క్రియ లేనిచోట 'అస్తి' యని యధ్యాహరింపవలెనని కాత్యాయనవార్తికము. ప్రసంగాదియందు వక్తయే క్రియను బూరించి, ఓటునో గుండునో వాడవలసిన నిర్బంధము తమకుఁ గలుగుననెను. కర్త స్పష్టముగా నున్నాఁడు. పిమ్మటఁ, బెట్రోలు సీసాలు, చేతిబాంబులు నెలనెలకు వచ్చునని చెప్పి, ఓటులో గుండ్లో "అగు"ననెను. అచ్చట సత్తార్థక క్రియ మాత్రమే కలదు, ప్రయోగించువాఁడు లోపించెను. ఈ కర్తృలోపము వాక్యమునకు భీషణత్వము నిచ్చినమాట నిజమేకాని, బాధ్యతను దప్పించుకొను వెరవుగాఁగూడ నుపయోగపడును. ఇచ్చట నతనిని సమర్థించుట కష్టము. తుపాకి యుంచుకొనుట ప్రభుత్వము కాపాడనిచోట నాత్మరక్షణకేగాని, దండు కట్టి తెల్లవారిని వెదకుటకుఁ గాదని తరువాతఁ జెప్పి, తానే యా లోపమును గొంత సరిచేసికొనెను.

ముగింపున సంబోధ్యుఁడు చర్చిలో లేఁడు. అధ్యక్షుఁడు లిండన్ జాన్సను సెనేటునకుఁ బోయి, తన పక్షమునందలి దక్షిణశాఖను వెంటనే ఖండింపవలెనని వక్త కోరెను. ఆరంభమున శత్రువులనుగూడఁ బిలుచుట యిందులకే. చిత్తు జులై 2న శాసనమయ్యెను. ఓటుహక్కుశాసనము 1965 ఆగస్టు 6న వచ్చునప్పటికి వక్త జీవించి లేఁడు.

పాఠవిషయమున నొకమాట. ఏప్రిలు 12న డిట్రాయిటు నగరమందలి కింగ్ సాలమన్ బాప్టిస్టు చర్చిలో నీ ప్రసంగమే యిదే పేరుతో మరలఁ జేయఁబడెను. పాట మాని పిడికిలి యెత్తవలెనని, ఒక్క యక్షరము తేడాతో రెండు ఆంగ్లపదములను జోడించిన చమత్కారము ఆ డిట్రాయిటు పాఠములోనిది. ఈ రెండింటిని గలిపి యొకే ప్రసంగముగా నుదాహరింపఁగూడదు.