పాత పాటల గ్రూపు పెరిగేకొద్దీ ఎందుకు మారిపోతుంది?

సికింద్రాబాద్‌లో పాత పాటలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఎక్కడ కలిసినా ఈ మాట వస్తుంది. పదిపన్నెండు మందితో వాట్సాప్ గ్రూపు మొదలవుతుంది. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి సినిమాతో సంబంధం లేకుండా ఇచ్చిన ప్రైవేటు రికార్డు ఒకటి ఎవరో పెడతారు. మారేడుపల్లిలో ఉన్నాయన రాగం చెబుతారు, తార్నాకలో ఉన్నావిడ రచయిత పేరు గుర్తు చేస్తారు, అమెరికాలో ఉన్న ఇంకొకరు రికార్డు లేబుల్ ఫొటో పంపుతారు. కొన్నాళ్లకు సభ్యులు రెండు వందలు దాటుతారు. పొద్దున్నే శుభోదయాలు, పుట్టినరోజు దీవెనలు, అందరికీ తెలిసిన పాటలే మళ్లీ మళ్లీ. మొదట్నుంచీ ఉన్నవాళ్లు మాట్లాడటం మానేస్తారు. ఎందుకిలా?

కొత్తవాళ్లకు అభిరుచి లేదనే జవాబు చాలామంది నోట వింటాం. నేను ఒప్పుకోను. వాళ్లూ పాట మీద ప్రేమతోనే చేరతారు. అసలు చిక్కంతా వినడానికి పట్టే సమయంలో ఉంది.

78 ఆర్‌పీఎం రికార్డు ఒకవైపు సుమారు మూడు నిమిషాలు మోగుతుంది. పన్నెండు మంది రోజుకో పాట పెడితే 36 నిమిషాలు. వంట చేసుకుంటూనో, సాయంత్రం నడకలోనో అన్నీ వినేయొచ్చు. వాట్సాప్ 2016లో గ్రూపు పరిమితిని 256కు పెంచింది. అంతమందీ తలా ఒకటి పెడితే 768 నిమిషాలు, అంటే దాదాపు పదమూడు గంటలు. 2022లో పరిమితి 1024 అయింది. ఆ లెక్కన ఒక్కరోజు పాటలు వినడానికి రెండు రోజులు చాలవు. అందరూ రోజూ పెట్టరు, నిజమే. అందులో కొద్దిమంది పెట్టినా మన తీరిక చాలదు.

వినే తీరిక లేనప్పుడు పేరు చూసి మెచ్చుకుంటాం. ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’ కనబడితే వినకుండానే దండం పెట్టొచ్చు, అది మన లోపల ఎప్పటినుంచో మోగుతూనే ఉంది. ఏ ఆకాశవాణి రికార్డింగులోనో దొరికిన, పేరు కూడా తెలియని లలిత గీతం గురించి వినకుండా ఏం చెప్పగలం? అందుకే అక్కడ నిశ్శబ్దం. దాన్ని ఎంతో శ్రమపడి సంపాదించి, శుభ్రం చేసి పెట్టిన మనిషికి ఆ నిశ్శబ్దం నాలుగుసార్లు ఎదురైతే ఐదోసారి పెట్టాలనిపించదు. ఎవరూ కాదనకుండానే అరుదైన పాట గ్రూపులోంచి వెళ్లిపోతుంది. అసలు ఆ గ్రూపు పుట్టిందే దానికోసం కదా, అని నాకు బాధ.

ఈ మార్పు ఫోన్లతో పుట్టింది కాదు. 1952లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ మొదలుపెట్టిన బినాకా గీత్‌మాలా తొలిరోజుల్లో శ్రోతలకు పాటల పోటీగా ఉండేది. సయానీ చెప్పిన లెక్క ప్రకారం మొదటిసారే 9,000 ఉత్తరాలు వచ్చాయి. చూస్తుండగానే అవి వారానికి 65,000 అయ్యాయి. అన్నిటినీ చదివి దిద్దడం కుదరక, పాటలకు ర్యాంకులిచ్చే కార్యక్రమంగా మార్చేశారు. అక్కడ కూడా జనం పెరిగాక మిగిలింది ప్రజాదరణను లెక్కపెట్టడమే.

మరి సంగీత సభకు ఈ కష్టం ఎందుకు రాదు? సికింద్రాబాద్ కీస్ హైస్కూల్లో కళాసాగరం సంస్థ ఏటా జరిపే ఉత్సవాల్లో కచేరీకి యాభై మంది వచ్చినా ఐదు వందల మంది వచ్చినా పాడేది ఒక్కరే. అందరూ అదే రాగం వింటారు. గ్రూపులో మాత్రం శ్రోత పెరిగిన ప్రతిసారీ వేదిక కూడా ఒకటి పెరుగుతుంది. ఇప్పుడు గ్రూపుల్లోకి కరోకే కూడా వచ్చింది. ట్రాక్ మీద తాము పాడింది పెట్టేవాళ్లకు ప్రోత్సాహం కావాలి, పాత రికార్డు పెట్టేవాళ్లకు వివరం కావాలి. పాట పదిమంది గొంతుల్లో ఆడటం మంచిదే. అయితే ఈ రెండు పనులూ ఒకేచోట సాగవు, వేరుపడటమే మేలు.

పెరిగినా చెడకుండా ఉండటానికి దారి లేకపోలేదు. 1990లలో పాత హిందీ పాటల అభిమానులు, ఎక్కువగా విదేశీ విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనవాళ్లు, యూజ్‌నెట్ అనే ఇంటర్నెట్ చర్చావేదికలో ఆర్‌ఎంఐఎం అనే గుంపుగా చేరారు. ఏటా సెప్టెంబరులో కొత్త విద్యార్థులు రావడం, అడిగిన ప్రశ్నలే అడగడం యూజ్‌నెట్‌లో మామూలు. 1993 తర్వాత మామూలు ఇంటర్నెట్ చందాదారులకూ తలుపులు తెరుచుకోవడంతో ఆ తాకిడి ఏడాది పొడుగునా సాగింది. ఆర్‌ఎంఐఎం వాళ్లు ఓపిగ్గా ఒక పని చేశారు. పాటల సాహిత్యాన్ని టైపు చేసి, సినిమా, గాయకులు, సంగీత దర్శకుడు, రచయిత పేర్లు చేర్చి ‘ఐట్రాన్స్ సాంగ్ బుక్’ అనే సంపుటి కూర్చారు. తెలిసిన జవాబులు అందులోకి చేరితే, మాటలు తెలియని సంగతుల మీద సాగుతాయి.

ఇలా వేరే చోట దాచకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2020 డిసెంబరు 15న యాహూ గ్రూప్స్ మూతపడింది. అక్కడ సభ్యులు ఏళ్ల తరబడి రాసిన వివరాల్లో ఎవరూ విడిగా భద్రపరచనివి అప్పటికే చెరిగిపోయాయి. వాట్సాప్‌లో ఫోను పోయినా చాలు, బ్యాకప్ లేకపోతే అంతే.

కాబట్టి గ్రూపు నడిపేవాళ్లకు నేను చెప్పేది రెండు పనులు. ఒకటి, రోజుకు ఒక్కరే, వంతులవారీగా ఒక్క పాటే పెట్టాలి. అప్పుడు రెండు వందల మందీ ఆ మూడు నిమిషాలూ వినగలరు, అరుదైన పాటకు కూడా జవాబు దొరుకుతుంది. రెండు, ఆ రోజు తేలిన వివరాలను, అంటే గాయని, రచయిత, స్వరకర్త, రికార్డు నంబరు, ఎవరి దగ్గర దొరికిందన్న సంగతి, ఒకరు రాత్రికల్లా గ్రూపు బయట ఒక పట్టికలో ఎక్కించాలి. వారానికొకరు ఆ పని తీసుకుంటే ఎవరికీ భారం కాదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వంతు ఆ పట్టిక పనే ఇస్తే, పాటలతో పాటు పాత సభ్యులు కూడా పరిచయమవుతారు.