మోతలోనూ తాళం తప్పని చెవి.. డీజేకు ఏ హెడ్‌ఫోన్ మేలు?

* మూసిన కప్పుల రకానికే ప్రాధాన్యం
* బ్లూటూత్‌తో తాళం తప్పే ప్రమాదం
* వినికిడి కాపాడుకోవడమూ వృత్తిలో భాగమే

నరసరావుపేట: మహాశివరాత్రి నాడు కోటప్పకొండ దిగువన విద్యుత్ ప్రభలు బారులు తీరుతాయి. జనరేటర్ల హోరు, ఒక ప్రభ వద్ద పాట, పక్క ప్రభ వద్ద మరో పాట, భక్తుల కోలాహలం ఏకమై మిన్నంటుతాయి. అంతటి సందడిలో తరువాతి పాటను తానొక్కడే ముందుగా విని, తాళం కలిసే క్షణాన దానిని బాక్సుల్లోకి వదలవలసినవాడు డీజే. ఇందుకు అతనికి ఆధారం హెడ్‌ఫోన్ ఒక్కటే. బేస్ బాక్సులకు, ఆంప్లిఫయర్లకు, లైట్లకు లక్షలు వెచ్చించేవారు సైతం హెడ్‌ఫోన్ దగ్గరకు వచ్చేసరికి చేతికందినదే చాలుననుకోవడం కద్దు. తిరునాళ్లు, వినాయక నిమజ్జనాలు, పెళ్లి ఊరేగింపులే జీవనాధారంగా ఎంచుకున్న యువకులు ఈ పరికరం ఎంపికలో ఏయే అంశాలు గమనించాలో తెలిపే ప్రయత్నమిది.

అసలు పని ఏమిటి?

ఇంట్లో పాట వినడానికి వాడే హెడ్‌ఫోన్‌కు, డీజే హెడ్‌ఫోన్‌కు పని వేరు. ఒక పాట బాక్సుల్లో మోగుతుండగానే మిక్సర్‌పై ‘క్యూ’ మీట నొక్కితే రెండో పాట హెడ్‌ఫోన్‌లో మాత్రమే వినిపిస్తుంది. డీజే ఒక చెవితో బయటి పాటను, మరో చెవితో లోపలి పాటను వింటూ రెండింటి వేగాన్ని, దెబ్బను కలుపుతాడు. కనుక ఇక్కడ కావలసింది తీయదనం కన్నా స్పష్టత. డోలు దెబ్బ, తాళం చప్పుడు విడివిడిగా తెలియాలి. బేస్‌ను మరీ పెంచి వినిపించే రకాలు వినసొంపుగా ఉన్నా, దెబ్బ ఎక్కడ పడిందో తెలియనీయకుండా మసకబరుస్తాయి.

మోత ఆపడమే మొదటి గుణం

హెడ్‌ఫోన్లలో వెనుకభాగం తెరచి ఉన్నవి, పూర్తిగా మూసి ఉన్నవి అని రెండు రకాలు. తెరచినవి స్టూడియోలోని నిశ్శబ్దానికి తగినవి. ఊరేగింపులో అవి ఎందుకూ కొరగావు. చెవిని చుట్టూ కప్పి, లేదా గట్టిగా అదిమి ఉంచే మూసిన కప్పుల రకమే డీజేకు కావాలి.

కారణం తేలికగానే బోధపడుతుంది. డీజే నిలబడిన చోట మోత 100 డెసిబెల్స్ ఉందనుకుందాం. ఏమీ ఆపని హెడ్‌ఫోన్ అయితే పాట వినబడడానికి అంతకన్నా ఎక్కువ ధ్వని చెవిలోకి పంపాలి. అదే 15 డెసిబెల్స్ మేర ఆపగలిగితే చెవికి చేరే మోత 85కు తగ్గుతుంది. ఆ మేరకు క్యూ శబ్దాన్నీ తగ్గించుకోవచ్చు. అయితే బేస్ దడ ఈ కప్పులకు అంతగా ఆగదన్నది గుర్తుంచుకోవాలి.

శబ్దాన్ని శబ్దంతోనే తగ్గించే ‘నాయిస్ క్యాన్సిలింగ్’ రకాలు జనరేటర్ హోరు వంటి ఎడతెగని ధ్వనిపై బాగా పనిచేస్తాయి. క్షణక్షణం మారే డప్పు దెబ్బలపై వాటి ప్రభావం అంతంత మాత్రమే.

తీగ ఉన్నదే నయం

ఇటీవల బ్లూటూత్ హెడ్‌ఫోన్ల వైపు మొగ్గు పెరిగింది. డీజే పనికి మాత్రం అవి చిక్కు తెచ్చిపెడతాయి. నిమిషానికి 120 దెబ్బలు పడే పాటలో ఒక్కో దెబ్బకు మధ్య వ్యవధి అర సెకను. సాధారణ బ్లూటూత్‌లో పాట చెవికి చేరడానికి సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఆలస్యం కావచ్చు. అంటే దెబ్బల మధ్య వ్యవధిలో అయిదో వంతు నుంచి రెండైదో వంతుల దాకా వెనుకబడినట్టే. చెవిలో తాళం కలిసిందని వదిలిన పాట బాక్సుల్లో తప్పటడుగు వేస్తుంది. ఆలస్యం బాగా తగ్గించిన ప్రత్యేక ట్రాన్స్‌మిటర్ రకాలు వచ్చినా, అందరికీ అందుబాటులో ఉన్నది తీగ రకమే.

దూరం వల్లనూ ఆలస్యం ఏర్పడుతుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. బాక్సులు 34 మీటర్ల దూరంలో ఉంటే మోత డీజేను చేరేసరికి సెకనులో పదో వంతు గడిచిపోతుంది. దూరపు బాక్సులను నమ్మి తాళం కలపడం కన్నా పక్కనే చిన్న మానిటర్ స్పీకర్ పెట్టుకోవడం ఉత్తమం. ఆ వీలు లేకుంటే మిక్సర్‌పై క్యూ, మాస్టర్ మీటను సరిచేసుకుని రెండు పాటలనూ హెడ్‌ఫోన్‌లోనే వినవచ్చు.

పెట్టెపై అంకెలు చదివే తీరు

ఇంపెడెన్స్: దీనిని ఓమ్‌లలో చెబుతారు. కంట్రోలర్, ల్యాప్‌టాప్ వంటి వాటికి 32 నుంచి 70 ఓమ్‌ల రకాలు సరిపోతాయి. 250 ఓమ్‌ల స్టూడియో రకం తగిలిస్తే శబ్దం నీరసంగా వస్తుంది.

సెన్సిటివిటీ: అదే విద్యుత్తుకు ఎంత శబ్దం వస్తుందో ఇది చెబుతుంది. 3 డెసిబెల్స్ ఎక్కువ ఉంటే సగం శక్తితోనే అంత శబ్దం లభిస్తుంది.

ఫ్రీక్వెన్సీ: 5 నుంచి 30,000 హెర్ట్జ్ వంటి అంకెలకు మురిసిపోనక్కరలేదు. మనిషి చెవి వినగలిగేది 20 నుంచి 20,000 హెర్ట్జ్ లోపే.

పిన్ను: మిక్సర్లకు 6.3 మిల్లీమీటర్ల పెద్ద పిన్ను, ల్యాప్‌టాప్‌లకు 3.5 మిల్లీమీటర్ల చిన్న పిన్ను వాడతారు. మరతో బిగించే అడాప్టర్ ఉన్నది తీసుకుంటే ఊరేగింపు కుదుపులకు ఊడిరాదు.

ఎండకు, దుమ్ముకు తట్టుకోవాలి

ఎండలకు పేరుపడిన రెంటచింతల, సున్నపు బట్టీల పిడుగురాళ్ల ఉన్న ప్రాంతమిది. చెమటకు, వేడికి కృత్రిమ తోలు దిండ్లు పెచ్చులూడతాయి. దిండ్లు, తీగ విడిగా దొరికేవి, సులువుగా మార్చుకోగలిగేవి ఎంచుకోవాలి. తీగ తెగితే మొత్తం పారేయవలసిన రకం ఎంత చౌకగా వచ్చినా ఖరీదైనదే. ఒక కప్పును వెనక్కి తిప్పి ఒంటి చెవితో వినే వీలుండాలి. స్ప్రింగులా సాగే చుట్టల తీగ అయితే కాలికి చుట్టుకోదు.

1988లో వచ్చిన సెన్‌హైజర్ ‘హెచ్‌డీ 25’ నేటికీ డీజేల చేతుల్లో కనిపించడానికి కారణాలివే. దాని బరువు 140 గ్రాములు, ఇంపెడెన్స్ 70 ఓమ్‌లు. ఒక కప్పు పక్కకు తిరుగుతుంది, భాగాలన్నీ విడిగా మార్చుకోవచ్చు. 38 ఓమ్‌ల ఆడియో టెక్నికా ‘ఏటీహెచ్-ఎం50ఎక్స్’, 32 ఓమ్‌ల పయొనీర్ డీజే ‘హెచ్‌డీజే-ఎక్స్5’ కూడా మూసిన కప్పుల కోవలోనివే. పేరున్న రకాలకు నకిలీల బెడదా ఉంది. అసలు ధరలో సగానికే ఇస్తామంటే అనుమానించాలి. జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు తప్పక తీసుకోవాలి. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

చెవి పోతే తిరిగి రాదు

లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సూక్ష్మమైన రోమకణాలు సుమారు 15 వేలు ఉంటాయి. అవి ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. అమెరికాలోని వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటల వరకు పనిచేయవచ్చు. మోత 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ వ్యవధి సగానికి తగ్గుతుంది. 88కి 4 గంటలు, 94కు ఒక గంట, 100కు 15 నిమిషాలే. ఒక ఊరేగింపు మూడు గంటలు సాగిందంటే పరిమితి ఎన్ని రెట్లు దాటుతుందో ఊహించుకోవచ్చు.

హెడ్‌ఫోన్ లేని చెవికి దూది చాలదు, సంగీతకారుల కోసం చేసిన ఇయర్‌ప్లగ్ పెట్టుకోవాలి. పాట కలిపిన వెంటనే క్యూ శబ్దం తగ్గించాలి. కార్యక్రమం ముగిశాక చెవుల్లో గింగురుమనే హోరు వినిపిస్తే, మరునాటికీ తగ్గకుంటే చెవి వైద్యుడిని సంప్రదించాలి.

నిబంధనలూ తెలిసి ఉండాలి

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు-2000 ప్రకారం బహిరంగ ప్రదేశంలో లౌడ్‌స్పీకర్ వాడేందుకు అధికారుల రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు నిషేధం. పండుగల సందర్భంగా ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి.

కొనే ముందు ఇలా పరీక్షించండి..

* బాగా తెలిసిన పాటను దుకాణంలో స్వయంగా విని చూడాలి.
* తలకు పెట్టుకుని పాట ఆపి, పక్కవారిని మాట్లాడమనాలి. మాట ఎంత తగ్గితే అంత మేలు.
* 15 నిమిషాలు తీయకుండా ఉంచుకోవాలి. కణతలు నొప్పెడితే మరొకటి చూడాలి.
* కప్పులను తిప్పి, తీగను పిన్ను దగ్గర మెల్లగా కదిపి చూడాలి. గరగర వినిపిస్తే తీసుకోరాదు.
* దిండ్లు, తీగ విడిగా ఎక్కడ దొరుకుతాయో దుకాణదారును అడిగిన తరువాతే డబ్బు చెల్లించాలి.