వార్తల్లో పదం: లెంటివైరల్ వెక్టర్

రోగం తెచ్చే గుణాన్ని తీసేసి, మంచి జన్యువును కణంలోకి చేరవేయడానికి వాడే వైరసే లెంటివైరల్ వెక్టర్. దీన్ని ఎక్కువగా హెచ్‌ఐవీ నుంచే తయారు చేస్తారు. ఆ పేరు వింటే బెదురు సహజం. కానీ ఒంట్లో మళ్లీ వృద్ధి చెందే శక్తిని అందులో ఉంచరు.

ఈ వెక్టర్‌ను వాడి చూసిన జబ్బుల్లో హీమోఫీలియా-ఎ ఒకటి. ఈ జబ్బు ఉన్నవారిలో రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్-8 చాలదు. ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది. తీవ్రంగా ఉంటే దెబ్బ తగలకున్నా మోకీలులో రక్తం చేరి వాస్తుంది. పదే పదే అలా జరిగితే కీలు బిగుసుకుపోతుంది. ఫ్లోరైడ్‌తో కీళ్లు బిగిసిన బాధితులను తరాలుగా చూసిన నల్లగొండలో దీన్నీ ఆ ఖాతాలోనే వేసే ప్రమాదం ఉంది.

వేలూరు సీఎంసీ వైద్యులు ఐదుగురు రోగుల రక్త మూలకణాలు తీసి, ఈ వెక్టర్‌తో ఫ్యాక్టర్-8 జన్యువును చేర్చి, కీమోథెరపీ ఇచ్చాక తిరిగి ఎక్కించారు. చికిత్స తర్వాత అందరినీ కలిపి లెక్కించిన 81 నెలల్లో ఎవరికీ రక్తస్రావం జరగలేదు. 2024 డిసెంబరులో ఈ ఫలితాలను న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. ప్రయోగానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నిధులిచ్చింది. ఇదే జబ్బుకు అమెరికాలో 2023లో అనుమతి పొందిన మరో రకం జన్యు చికిత్స రోక్టావియన్ ధర అప్పట్లో సుమారు 29 లక్షల డాలర్లు. పాలమూరు కూలీ కుటుంబానికి ఆ అంకె చదవడమే కష్టం!

అయితే వేలూరు చికిత్స ఐదుగురిపై చేసిన ప్రయోగమే. కీమోథెరపీ ముప్పులూ ఉన్నాయి. వార్త చూసి ఫ్యాక్టర్ ఇంజెక్షన్లు మానేయొద్దు.