పాతవూరి సందులో ఇల్లు కొనుట

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. కట్టుటకు ఖాళీ జాగా దొరకని చోట ఈ సామెతకు “ఇల్లు కొని చూడు” అను మాటను కూడ చేర్చవలసి యున్నది. క్రిక్కిరిసిన పేటలో పాత ఇల్లు కొనువాడు నాలుగు గోడలతో పాటు ఆ ఇంటికి చేరు సందును, అందలి నీటిని, వెలుతురును, పొరుగువారి హక్కులను, వెనుకటి తరముల తగవులను కూడ కొనుచున్నాడు. వీనిలో ఏవి తనకు దక్కును, ఏవి దక్కవు అను సంగతిని బయానా ఇచ్చుటకు ముందే తెలిసికొను విధమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మన అనంతపురము చెరువు వలన వెలసిన ఊరు. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కవొడెయరు పండమేరుకు కట్ట వేయించి చెరువు నిర్మించెననియు, కట్టకు ఒక కొనయందు బుక్కరాయసముద్రము, రెండవ కొనయందు అనంతసాగరము అను గ్రామములు ఏర్పడెననియు స్థానిక చరిత్ర చెప్పుచున్నది. ఆ రెండవ గ్రామమే నేటి అనంతపురము. 1882లో బళ్ళారి నుండి విడివడి ప్రత్యేక జిల్లా ఏర్పడిన పిదప కచేరీలతో పాటు ఊరును పెరిగినది. 2011 జనాభా లెక్కల నాటికి నగర జనసంఖ్య 2 లక్షల 60 వేలు దాటినది.

సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ పీఠభూమిలో వేరుసెనగ ఎండినపుడెల్ల, బోరు అడుగంటినపుడెల్ల కొన్ని కుటుంబములు పల్లె విడిచి పట్నము చేరుచుండును. వారు మొదట అద్దెకు దిగునది ఇరుకు పేటలలోనే. అంగడి, ఆసుపత్రి, మసీదు, గుడి, బడి, కూలిపని అన్నియు అచ్చట నడక దూరమున ఉండుటయే ఇందుకు కారణము. కొన్నేండ్లకు చేను అమ్మిన డబ్బును, కువైటు నుండి పంపిన డబ్బును, ఇల్లాలి నగలు కుదువబెట్టిన డబ్బును కూర్చి 2 సెంట్ల ఇల్లు కొనుటకు పూనుకొందురు. 2 సెంట్లనగా 97 చదరపు గజములకు కొంచెము తక్కువ. ఆ సొమ్ము పోయినచో మరల కూర్చుకొనుట ఆ తరమునకు సాధ్యము కాదు.

ఇట్టి ఇండ్లలో దస్తావేజును మొదటి నుండి కడవరకు చదువగలవారు తరచుగా కళాశాలకు వచ్చు పిల్లలే. పత్రము తెలుగున నుండుటచే ఉర్దూ మాధ్యమమున చదివినవారు జంకుట కలదు. జంకనక్కరలేదు. హక్కు, హద్దు, వారసుడు, దస్తావేజు, రసీదు, బాకీ, కరారు, తకరారు, దావా — ఇవన్నియు అరబ్బీ, పారసీ భాషల నుండి ఉర్దూకును తెలుగునకును సమముగా సంక్రమించిన మాటలే. స్థలమునకు నాలుగు దిక్కుల నున్న హద్దుల వివరణకు చెక్కుబందీ అని పేరు. ఈ ఒక్క మాట నేర్చినచో పత్రము సగము బోధపడును.

పత్రము చెప్పునది, చెప్పనిది

1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ననుసరించి 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి విక్రయమునకు రిజిస్టరు పత్రము కావలెను. స్టాంపు కాగితముపై వ్రాసికొన్న కరారు యాజమాన్యము నీయదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ తీసికొని ఇల్లు కొన్నామనుకొను వాడుక చాలకాలము సాగినది. అట్టి పత్రముల వలన యాజమాన్యము బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసునందు స్పష్టపరచినది.

రిజిస్ట్రేషనుతో అంతయు ముగిసెననుకొనుటయు సరి కాదు. రిజిస్ట్రారు కచేరీ పత్రమును నమోదు చేయునే గాని అమ్మువానికి నిజముగా హక్కు కలదని పూచీపడదు. హక్కునకే ప్రభుత్వము పూచీ వహింపవలెనను ఉద్దేశముతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భూహక్కుల చట్టము 2023లో అమలునకు వచ్చి 2024లో రద్దయినది. కావున హక్కును విచారించు భారము నేటికిని కొనువానిదే.

విచారణకు మొదటి సాధనము ఈ.సీ. అని వాడుకలో నున్న ఋణభార పత్రము. కనీసము 30 ఏండ్లకు దీనిని తీయించి, అందలి ప్రతి లావాదేవికి లింకు దస్తావేజు చూడవలెను. ఇందులో కనబడనివియు కలవు. నోటిమాటతో జరిగిన పంపకము, రిజిస్టరు కాని వీలునామా, ముస్లిముల మౌఖిక హిబా ఇట్టివి. హిబా అనగా దానము. ఇచ్చుట, పుచ్చుకొనుట, స్వాధీనపరచుట అను మూడును జరిగినచో వ్రాతపత్రము లేకున్నను అది చెల్లును. అట్లే అసలు దస్తావేజులను కుదువబెట్టి తెచ్చిన అప్పు ప్రతిసారి ఈ.సీ.లో చేరదు. నకలు మాత్రమే చూపి “అసలు పోయినది” అని అమ్మువాడు చెప్పినచో, ఆ మాట నిగ్గు తేలువరకు డబ్బు చేతులు మారరాదు.

కాగితములతో పాటు ఇంటిని కూడ చూడవలెను. అందు కాపురమున్న వారెవరు? ఏ హక్కుతో ఉన్నారు? స్వాధీనమున ఉన్నవాని హక్కు కొనువానికి తెలిసినట్లే చట్టము భావించును. “నేను అడుగలేదు” అనునది కోర్టులో సమాధానము కాజాలదు.

వారసుల లెక్క

ఇరుకు పేటలలో వ్యాజ్యములకు ముఖ్యమైన మూలము ఆడబిడ్డల సంతకము లేకపోవుట. లెక్కతో చెప్పినచో ఇది సులభముగా తెలియును. ఒక ముస్లిము గృహస్థుడు 100 గజముల ఇల్లు విడిచి మరణించెననుకొందము. తల్లిదండ్రులు ముందే గతించిరి. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఉన్నారు. భార్యకు ఎనిమిదవ వంతు పోగా, మిగిలినదానిలో కుమారునికి రెండు పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు వచ్చును. అనగా 40 భాగములలో భార్యకు 5, ఒక్కొక్క కుమారునికి 14, కుమార్తెకు 7. కుమారులిద్దరే సంతకము చేసి ఇల్లంతయు అమ్మినచో కొనువానికి దక్కునది 28 భాగములు, అనగా 70 గజములు. తక్కిన 30 గజములు తల్లివి, చెల్లెలివి.

ఇదే కుటుంబము హిందువులదై, ఇల్లు తండ్రి స్వార్జితమై, వీలునామా లేకుండినచో, 1956 నాటి వారసత్వ చట్టము ప్రకారము నలుగురికిని సమభాగములు. కుమారుల సంతకములతో వచ్చునది 50 గజములే. పిత్రార్జితమున కుమార్తెకు జన్మహక్కును మన రాష్ట్రము 1985 నుండియు, దేశమంతట 2005 నాటి సవరణయు ఇచ్చినవి. “ఆమెకు పెండ్లి చేసి పంపితిమి, ఆమె పాలు తీరినది” అని అన్నదమ్ములు చెప్పు మాట ఈ రెండు ధర్మములలోను చెల్లదు. ఆమె స్వయముగా వచ్చి సంతకము చేయుట కొనువానికి క్షేమము, ఆమెకు న్యాయము.

అమ్మకూడని నేల

కొన్ని నేలలకు బేరమే తగదు. మసీదు, దర్గా, ఖబరస్తానులకు చెందిన వక్ఫు భూమి, దేవాలయముల మాన్యము, చెరువు, వంక పోరంబోకు ఇట్టివి. భూమిలేని పేదలకు ప్రభుత్వమిచ్చిన డి-పట్టా స్థలముల అమ్మకమును 1977 చట్టము నిషేధించినది. తరువాతి సవరణలు గడువు నిండిన కొన్నింటికి వెసులుబాటు కల్పించినందున, ఏ స్థలమునకు ఏ నియమము వర్తించునో రెవెన్యూ కచేరీలోనే విచారింపవలెను. రిజిస్ట్రేషను చట్టము 22-ఎ సెక్షను క్రింద నిషిద్ధ ఆస్తుల జాబితా కలదు. బయానాకు ముందే దానిని చూడవలెను.

వంక ఒడ్డున చవుకగా దొరకు జాగాకు మరియొక ముప్పు కలదు. కరవు సీమలో వరద ఎక్కడిదని మనము ఏమరుదుము. 2022 అక్టోబరులో కురిసిన భారీ వర్షములకు నడిమివంక పొంగి మన నగరమున ఎన్నియో కాపురములు నీట మునిగినవి. ఏండ్ల తరబడి ఎండి యున్నను వంక తన దారిని మరువదు.

సందు, గోడ, వెలుతురు, నీరు

పత్రములు సరిగా నున్నచో టేపు పట్టుకొని సందులోనికి నడువవలెను. సందు మునిసిపాలిటీదా, ప్రైవేటుదా? ప్రైవేటుదైనచో రాకపోకల హక్కు దస్తావేజున వ్రాసి యున్నదా? అంబులెన్సు ఎంతవరకు రాగలదు? మంచముపై రోగిని మోసికొని మలుపు తిరుగ వీలగునా? ప్రక్క ఇంటితో నున్నది ఉమ్మడి గోడయా, సొంత గోడయా? వానచూరు ఎవరి జాగాలో పడుచున్నది? మోరీ ఎటు పారుచున్నది? 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ప్రకారము 20 ఏండ్లు అడ్డు లేక, హక్కుగా అనుభవించిన దారికి, వెలుతురునకు, గాలికి హక్కు ఏర్పడగలదు. పొరుగువాని పాత కిటికీని మూయునట్లు గోడ లేపదలచినవాడు ఈ సంగతి తెలిసికొని బేరమాడవలెను.

పాత ఇండ్లలో చవుడు మిద్దెలు ఇంకను కలవు. వాన తక్కువైన సీమకు తగిన కప్పు అది; ఎండకు చల్లగా నుండును. కాని దాని బరువు మోయు మట్టిగోడలపై రెండవ అంతస్తు వేయుట ప్రమాదము. పైన గదులు వేసి అద్దెకు ఇవ్వవచ్చునను ఆశతో ధర నిర్ణయింపరాదు.

నీటి విషయమున కొళాయి ఎన్ని రోజులకొకసారి వచ్చునో అమ్మువానిని గాక ఆ సందులోని ఆడవారిని అడుగవలెను. క్రొత్త బోరునకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద అనుమతి కావలెను. అనుమతి వచ్చినను నీరు పడునను నమ్మకము లేదు. ఇక మిద్దె సంగతి చూడుడు. 100 గజముల కప్పుపై 550 మిల్లీమీటర్ల వాన కురిసినచో సుమారు 46 వేల లీటర్లగును. వృథా పోగా 36 వేల లీటర్లు పట్టగలిగినచో, మనిషికి దినమునకు 70 లీటర్ల లెక్కన ఐదుగురికి నూరు దినములు సరిపోవును. అంత పెద్ద తొట్టి ఇరుకింటిలో కట్టలేకున్నను, కొంత పట్టి తక్కినది ఇంకుడు గుంతలోనికి పంపవచ్చును. కావున తొట్టికి, గుంతకు చోటు కలదా అనునదియు ఇంటి విలువలో లెక్కింపదగినదే.

పొరుగు

“ఇంటి కంటె ముందు పొరుగును చూడుము” అని అరబ్బులలో ఒక సామెత కలదు. ఇస్లాము ధర్మశాస్త్రమున షుఫా అను హక్కు పొరుగువానికి ఇట్టి స్థానమునే ఇచ్చినది. ఇల్లు అమ్మునపుడు సహభాగస్వామికి, పిదప పొరుగువానికి అదే ధరకు మొదట కొనుహక్కు ఉండునని దాని భావము. 1953 వరకు మనము మద్రాసు రాష్ట్రములోని వారము. మద్రాసు హైకోర్టు 1870లోనే ఈ హక్కును చట్టముగా అంగీకరింపలేదు. కేవలము పొరుగు కారణముగా కోరు హక్కు రాజ్యాంగమునకు విరుద్ధమని సుప్రీంకోర్టు 1962లో తీర్పు చెప్పినది. చట్టమున ఆ హక్కు లేకున్నను అందలి వివేకము మిగిలియున్నది. కొనుటకు ముందు నాలుగు హద్దుల ఇండ్లవారిని కలిసి, “ఈ ఇల్లు మేము కొనదలచితిమి, మీకేమైన తకరారు కలదా?” అని అడుగుటకు ఖర్చు లేదు. ఏ కచేరీలోను దొరకని పంపకముల చరిత్ర, దాచిన అప్పు, దూరముననున్న చెల్లెలి పేరు తరచుగా ఆ అరుగులపైననే తెలియును. రేపటి నుండి గోడ పంచుకొని బ్రతుకవలసినవారు కూడ వారే.

విద్యార్థి మిత్రులు ఈ సెలవులలో తమ ఇంటి దస్తావేజును పెట్టె నుండి తీసి, చెక్కుబందీని బయట నిలిచి సరిచూడవలెనని మా కోరిక. సొంత ఇల్లు లేనివారు బంధువుల పత్రమును చదువవచ్చును. కళాశాల కమిటీ పెద్దలు ఏటా ఒక దినమున అనుభవజ్ఞుడైన న్యాయవాదిని రప్పించి, తల్లిదండ్రులు తెచ్చిన పత్రములను విద్యార్థులచే ఉభయ భాషలలో చదివించి వివరింపజేసినచో ఎన్నియో కుటుంబములకు మేలగును. పిల్లవాడు చదివి చెప్పిన పిదప తండ్రి వేయు సంతకము, తెలిసి వేసిన సంతకమగును.